అడ్డాకుల ఆదాయం

తెల్లం వీరబాబుకు రెండు పనులున్నాయని ఇప్పలగుంపులో అందరికీ తెలుసు. అదేమంత విశేషం కాదు. చర్ల రోడ్డు దిగి అడవిలోకి మూడు మైళ్ళు నడిస్తే వచ్చే ఆ చిన్న కోయపల్లెలో, అక్కడి మాటలో ఆ గుంపులో, ఒక్క పనితో బతికేవాళ్ళెవరూ లేరు. వానాకాలం పోడు చేలో జొన్న వేసినవాడే ఎండాకాలం బీడీలకు తునికాకు కోస్తాడు, ఆ ఆకు కొనే కల్లం మూసేశాక రోడ్డు మీద మట్టిపనికి పోతాడు. వాళ్ళకూ వీరబాబుకూ తేడా ఒక్కటే. అతని రెండు పనులూ కాగితం మీదికి ఎక్కాయి.

మొదటిది ఆశ్రమ పాఠశాలలో వంట. పన్నెండేళ్ళుగా మూడు వందల మంది పిల్లలకు పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, పప్పు వండుతున్నాడు. బడి సర్కారుదే గానీ అతను మాత్రం రోజుకూలీ లెక్కన వంటవాడు. జీతం మూడు నెలలకోసారి, ఒక్కోసారి ఐదు నెలలకోసారి వచ్చేది. ఎప్పటికైనా పర్మినెంటు చేస్తారని వార్డెన్ సారు ప్రతి ఏడాదీ బడి తెరిచేటప్పుడు చెప్పేవాడు. ఆ మాట మీదే వీరబాబు తెల్లవారకముందే లేచి పొయ్యి ముట్టించేవాడు.

రెండోది విస్తరాకుల పని. అడ్డాకు కోసుకొచ్చి సన్నటి పుల్లలతో కుట్టడం ఆ గుంపులో ఆడవాళ్ళందరికీ వచ్చు. వీరబాబు భార్య కళావతి చెయ్యి మరీ చురుకు. రెండేళ్ళ కింద మహిళా సంఘం తరఫున విస్తళ్ళు ఒత్తే మిషను ఇచ్చారు. ఇంట్లో జీతం తెచ్చేవాళ్ళ పేరు ఉంటే బాగుంటుందని ఎవరో అంటే మిషను కాగితాల్లో వీరబాబు పేరు రాయించారు. కరెంటుతో వేడెక్కే గుండ్రటి అచ్చు, కింద కాలితో తొక్కే పెడలు. బడి నుంచి వచ్చాక వీరబాబు తొక్కేవాడు, కళావతి కుట్టిన ఆకు అందించేది. భద్రాచలంలో హోటళ్ళ వాళ్ళు, సారపాకలో పెళ్ళిళ్ళ వాళ్ళు మనిషిని పంపి మరీ పట్టుకెళ్ళేవారు. ఎండాకాలం పెళ్ళిళ్ళ రోజుల్లో ఆ మిషను చల్లారేది కాదు. వానలు పడ్డాయంటే ఆకు ఎండదు, ఎండినా కొనేవాడుండడు. మిగతా కాలమంతా దానిమీద గోనెపట్టా కప్పి ఉంచేవారు.

రెండు వేల ఎనిమిది మే నెలలో తెల్ల రేషన్ కార్డుల సర్వే జరిగింది. అర్హత లేనివాళ్ళ కార్డులు తీసేస్తారట అన్న మాట గుంపు దాకా వచ్చింది గానీ అది తమను ఉద్దేశించిన మాట అని అక్కడెవరూ అనుకోలేదు. సర్వే సారు ఎండలో మోటారు సైకిలు దిగి వచ్చేసరికి వీరబాబు ఇంట్లో విస్తళ్ళ కట్టలు వాసాల దాకా పేర్చి ఉన్నాయి. వీరబాబు మంచం వాల్చి తాటిముంజలు ఒలిచి పెట్టాడు. ఆ సారు ముంజలు తింటూ మిషను ముట్టుకుని చూసి, మీ వాళ్ళల్లో ఇట్లా పైకొచ్చినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా అన్నాడు.

ఆ ఒక్క మాటకు వీరబాబు ఉబ్బిపోయాడు. బడిలో పన్నెండేళ్ళుగా ఎవరూ అతన్ని అంతమాట అనలేదు. జీతం ఎంత అని అడిగితే చెప్పాడు. విస్తళ్ళ మీద నెలకెంత వస్తుందంటే కిందటి నెల వచ్చినదంతా చెప్పాడు. తలుపు వెనక నుంచి కళావతి కోయ మాటలో, అంత చెప్పకు అని గొణిగింది. వీరబాబు వినపడనట్టు ఉన్నాడు. అది పెళ్ళిళ్ళ నెల అని గాని, ఏడాదిలో అట్లాంటి నెలలు మూడో నాలుగో ఉంటాయని గాని ఆ సారు అడగలేదు, ఇతను చెప్పలేదు. ఫారం కింద వేలిముద్ర వేయించబోతే వీరబాబు వద్దని, కలం తీసుకుని సంతకం పెట్టాడు.

వాళ్ళకు పుష్పలత ఒక్కతే కూతురు. పదేళ్ళు. తండ్రి వండే బడిలోనే ఐదో తరగతి, రోజూ ఇంటినుంచే పోయివస్తుంది. మొదటినుంచీ బక్కపలచని పిల్ల, ఆటలకు పోదు, నీళ్ళబిందె ఎత్తితే నాలుగడుగులకోసారి దించుతుంది. పిల్ల నెమ్మదస్తురాలని తల్లి మురిసిపోయేది. జులైలో బడికి వచ్చిన డాక్టరు పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి పరీక్ష చేస్తూ పుష్పలత దగ్గర ఆగిపోయాడు. గొట్టం ఛాతీ మీద పెట్టి చాలాసేపు తియ్యలేదు. వంటగదిలోంచి గంటె పట్టుకునే వచ్చిన వీరబాబుతో, భద్రాచలంలో గుండె డాక్టర్ల క్యాంపు ఉంది, తీసుకుపో అన్నాడు.

క్యాంపులో పిల్లను టీవీలాంటి దాని పక్కన పడుకోబెట్టి చూశారు. గుండెలో రంధ్రం ఉంది, దాన్ని మూసెయ్యాలి. ఊపిరితిత్తుల్లో రక్తం ఒత్తిడి పెరిగిపోతే తర్వాత మూసే వీలుండదు. భయపడాల్సింది లేదు, తెల్లకార్డు ఉంటే ఆరోగ్యశ్రీ కింద హైదరాబాదులో పైసా లేకుండా చేస్తారు. కాకపోతే ఆలస్యం చెయ్యొద్దు. అక్కడి డాక్టరు ఇదంతా నిదానంగా, రెండుసార్లు చెప్పాడు. వీరబాబు చొక్కా జేబులోంచి కార్డు తీసి బల్ల దగ్గరున్న అమ్మాయికిచ్చాడు. ఆమె నంబరు కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఈ కార్డు తీసేసినట్టు చూపిస్తోంది, మీ మండలాఫీసులో అడగండి అంది.

ఆ నెల రేషన్ డీలరు, మీ కార్డుకు బియ్యం రాలేదన్నప్పుడు వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. బియ్యం రాకపోవడం కొత్త కాదు. ఇప్పుడు అర్థమయింది.

మండలాఫీసులో కార్డుల పని చూసే గుమాస్తా పేరు బాలకృష్ణ. కసిరేవాడు కాదు, వచ్చినవాణ్ణి కూర్చోమనేవాడు. కట్టలు విప్పి వీరబాబు ఫారం వెదికి తీసి ముందు పెట్టాడు. వీరబాబు తన సంతకం తాను గుర్తుపట్టాడు. దానిపైన ‘స్వయం ఉపాధి: విస్తరాకుల పరిశ్రమ’ అని రాసి ఉంది. ఆ పక్కన అతను చెప్పిన నెల ఆదాయం, దాని పక్కన దానికి పన్నెండింతలు.

“ఏడాదంతా ఆకు ఏడ దొరుకుతది సారూ,” అన్నాడు వీరబాబు. “మూడు నాలుగు నెలల పని అది. వానలల్ల మిషను మీద పట్టా కప్పి పెడ్తం.”

“నాకు తెల్వదా వీరబాబూ. ఫారంల నెలకెంత అని ఒక్కటే గడి ఉంది. దాన్ని పన్నెండుతోని గుణించమన్నరు, గుణించిండ్రు.” బాలకృష్ణ వేలితో రెండు అంకెల మీదా తట్టాడు. “నీ జీతం ఒక్కటే అయితే కార్డు ఉంటది. విస్తళ్ళు ఒక్కటే అయినా ఉంటది. రెండూ కలిపితే హద్దు దాటినవ్. గంతే. రెండిట్ల ఒకటి లేదని కాగితం తెచ్చుకో, నేను పైకి పంపిస్త.”

దారి పొడుగునా వీరబాబు ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించాడు. పేరుకు జీతం బడిదే అయినా అది రాని నెలల్లో ఇంట్లో పొయ్యి వెలిగించింది విస్తళ్ళు. విస్తళ్ళు లేని నెలల్లో ఎంత ఆలస్యమైనా జీతం వస్తుందన్న ధైర్యంతోనే అంగడివాడు సరుకిచ్చాడు. ఒకటి తీసేస్తే రెండోది నిలబడదని అతనికి తెలుసు. ఆ రెండూ కలిస్తేనే ఒక కాపురం అయింది. కాగితం మీద మాత్రం అవి రెండు కాపురాలకు సరిపోయేంత ఆస్తిలా కనిపిస్తున్నాయి.

ఇంటికొచ్చి చెబితే కళావతి, సర్వేనాడు నేను చెప్పలేదా అనలేదు. అంటుందేమోనని అతను ఎదురుచూశాడు. ఆమె లేచి మిషను మీది పట్టా తీసి, అచ్చు తుడిచి, మూలనున్న వైర్లు చుట్టింది. మర్నాడే ఎడ్లబండి మీద దాన్ని సంఘం బిల్డింగుకు తోలారు. సంఘం లీడరు గంగక్క మిషను తిరిగి ముట్టిందని కాగితం రాసిచ్చి, ఆ కాగితం అందించేటప్పుడు కళావతి చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

బాలకృష్ణ దరఖాస్తు తీసుకున్నాడు. వీఆర్ఓ వచ్చి చూసి రాయాలన్నాడు. వీరబాబు వారానికోసారి బడి నుంచి తొందరగా వంట ముగించుకుని మండలాఫీసుకు పోయి వచ్చేవాడు. వీఆర్ఓ వరద పనుల్లో ఉన్నాడని ఒకసారి, మీటింగులో ఉన్నాడని ఒకసారి చెప్పారు. ఆగస్టు పోయింది, సెప్టెంబరు పోయింది. పుష్పలత బడికి నడిచిపోవడం మానేసింది. వీరబాబు సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. చలికాలం మొదలయ్యేసరికి పిల్ల పెదవులు నేరేడుపండు తిన్నట్టు కనిపించసాగాయి.

వీఆర్ఓ నవంబరులో వచ్చాడు. ఆ రోజు వీరబాబు బడిలో ఉన్నాడు. అంతకు వారం ముందు కళావతి పెదనాన్న పోయాడు, మర్నాడు దినాలు. చుట్టుపక్కల నాలుగు గుంపుల వాళ్ళు భోజనాలకు వస్తారు. ఆడవాళ్ళంతా కళావతి ఇంటి ముందు చేరి, మిషను లేని రోజుల్లో కుట్టినట్టే చేత్తో విస్తళ్ళు కుడుతున్నారు. అరుగు మీద నాలుగైదు వందల దాకా పేర్చి ఉన్నాయి. వీఆర్ఓ సైకిలు స్టాండు వేసి వాటివంక చూశాడు.

కళావతికి తెలుగు వచ్చు గానీ ఆఫీసర్ల ముందు నోరు పెగలదు. అయినా ఆ రోజు చెప్పింది. మిషను ఇచ్చేశామని, ఇవి అమ్మేవి కావని, పెద్దాయన దినాలకని, కావాలంటే ఇల్లంతా చూసుకోమని చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా చెప్పారు. వీఆర్ఓ అందరి మాటలకూ తలూపాడు, మంచినీళ్ళు తాగాడు, పుస్తకంలో రాసుకుని పోయాడు. తలూపాడు కదా అని వాళ్ళు నమ్మారు. సాయంత్రం భర్తతో కళావతి, మంచివాడేనయ్యా, అంతా విన్నడు అని చెప్పింది.

డిసెంబరులో బాలకృష్ణ ఆ కాగితం చూపించాడు. ‘విచారణ చేయగా వ్యాపారం కొనసాగుచున్నది’ అని ఒకే ఒక్క వాక్యం.

వీరబాబుకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదేమో. మొగుడూ పెళ్ళాం ఇల్లంతా ఖాళీ చేసి చూపించినా వాళ్ళు పుట్టిపెరిగిన పనే వాళ్ళ మీద సాక్ష్యం చెబుతుందని అర్థమయింది. ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. అడ్డాకు ముట్టుకోకుండా ఆ గుంపులో ఎవరుంటారు? ఒక పెళ్ళి, ఒక చావు, ఒక పండగ, ఏది వచ్చినా ఇంటి ముందు ఆకులు పడతాయి. ఇక తీసెయ్యడానికి మిగిలింది బడి పనే.

ఖమ్మంలో ప్రైవేటు దవాఖానాలో డబ్బు కట్టి చేయించుకుంటే ఎంతవుతుందో కూడా కనుక్కున్నాడు. వాళ్ళు చెప్పిన అంకె విన్నాక మళ్ళీ అటు చూడలేదు. ఎమ్మెల్యే దగ్గరికి తీసుకుపోతానన్న ఊరి పెద్దమనిషి ఎలక్షన్ల తిరుగుడులో పడిపోయాడు.

జనవరిలో పండగ సెలవులయ్యాక బడి తెరిచిన రోజు, వీరబాబు పిల్లలకు వంట వండి వడ్డించి, గిన్నెలు కడిగించి, వార్డెన్ సారు గదిలోకి వెళ్ళాడు. పని మానుకుంటున్నానని కాగితం ఇచ్చాడు. వార్డెన్ దాన్ని చదివి బల్ల మీద పెట్టి తల అడ్డంగా ఊపాడు.

“పన్నెండేండ్ల సర్వీసు రా నీది. రేపు పర్మినెంటు లిస్టు అడిగితే ముందు నీ పేరే రాయాలె. గిట్ల ఎట్ల ఇడిసిపెడ్తవ్?”

“పిల్లకు ఆపరేషన్ గావాలె సారూ.”

“పని ఇడిసిపెట్టి ఆపరేషన్ చేయించుడేంది? పని ఉంటేనే గద చేయించేది.”

వీరబాబు చెప్పడానికి ప్రయత్నించాడు. జీతం, విస్తళ్ళు, పన్నెండింతలు, హద్దు. చెబుతుంటే తనకే పిచ్చిమాటల్లా వినిపించాయి. వార్డెన్ మధ్యలోనే చేత్తో ఆపి, సీలు వేసి, ఫలానా తేదీ నుంచి ఇతను మా దగ్గర పని చేయడం లేదని రాసిచ్చాడు. బయటికి వచ్చేటప్పుడు పుష్పలత తరగతి కిటికీలోంచి చెయ్యి ఊపింది. సాయంత్రం తనను తీసుకుపోవడానికి అతను వంటగదిలోంచి కాక గేటు బయటినుంచి వస్తాడని ఆ పిల్లకు ఇంకా తెలియదు.

బాలకృష్ణ ఈసారి వీఆర్ఓ కోసం ఆగకుండా తనే తహసీల్దారు దగ్గరికి ఫైలు పట్టుకుపోయి సంతకం పెట్టించాడు. కార్డు ప్రింటై రావడమొక్కటే మిగిలింది. అంతలో ఎలక్షన్ కోడ్ వచ్చింది. కొత్త కార్డులు పంచకూడదు. వీరబాబు, కళావతి మిర్చి కోతలకు పోయారు. పుష్పలతను చేను గట్టు మీద గుడ్డ పరిచి నీడకు పడుకోబెట్టేవారు. మిర్చి ఘాటుకు పిల్ల దగ్గుతూ ఉంటే కళావతి కోతలోంచి లేచి వచ్చి వీపు నిమిరి మళ్ళీ పోయేది. కొన్నాళ్ళకు ఆ చేను రైతు, పిల్లకు బాలేనప్పుడు ఎందుకు తెస్తారని అన్నాడు. ఆ రోజునుంచి కళావతి ఇంటి దగ్గరే ఉండిపోయింది.

కార్డు జూన్‌లో వచ్చింది. కొత్త కార్డు, ముగ్గురూ నిలబడిన ఫోటో. ఫోటోలో పుష్పలత తండ్రి నడుముకు ఆనుకుని ఉంది. ఆ వారమే భద్రాచలంలో కాగితాలు రాయించుకుని ముగ్గురూ హైదరాబాదు బస్సెక్కారు. పెద్ద దవాఖానాలో ఎవరూ వాళ్ళను తిప్పలు పెట్టలేదు. కార్డు నంబరు కొడితే వెంటనే మంచం ఇచ్చారు, భోజనం పెట్టారు. మూడు రోజులు పరీక్షలు చేశారు. నాలుగో రోజు పిల్ల తొడలోంచి సన్నటి గొట్టం పంపి లోపల ఒత్తిడి కొలిచారు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ వీరబాబునొక్కణ్ణే గదిలోకి పిలిచింది. నడివయసు మనిషి, మాటలో తొందర లేదు. బొమ్మ గీసి చూపించింది. ఇది రంధ్రం. ఇందులోంచి ఇన్నేళ్ళు ఎక్కువ రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడి రక్తనాళాలు గట్టిపడిపోయాయి. ఇప్పుడు రంధ్రం మూస్తే పిల్ల గుండె ఆ ఒత్తిడికి తట్టుకోలేదు. మూయకుండా ఉంచితేనే ఉన్నన్నాళ్ళు ఉంటుంది. మందులు రాస్తాను, బరువులు ఎత్తనివ్వకండి, జ్వరం రాకుండా చూసుకోండి.

వీరబాబు సంచి ముందుకు లాక్కున్నాడు.

“కిందటేడు భద్రాచలంల చూసిన కాగితం ఉంది అమ్మా,” అన్నాడు. సంచిలోంచి మడతలు విప్పి ఇచ్చాడు. “గప్పుడే వచ్చి ఉంటే?”

డాక్టరమ్మ ఆ కాగితం చదివింది. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. అప్పటికి ఒత్తిడి ఇంత ఉన్నట్టు లేదని, అప్పుడైతే తాము చేసేవాళ్ళమేమోనని, అయితే ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరని అంది. మీరు ఏడాదిగా ఎందుకు రాలేదు అని అడిగింది.

అతను నోరు తెరిచాడు. సర్వే, గడి, గుణకారం, దినాల విస్తళ్ళు, కోడ్. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి, కార్డు లేకుండె అమ్మా అన్నాడు. ఆమె తల ఊపి కాగితం తిరిగి ఇచ్చేసింది.

వార్డు బయట కళావతి గోడకానుకుని నిలబడి ఉంది. అతని మొహం చూడగానే ఆమెకు అర్థమయింది. కొంగు నోట్లో కుక్కుకుని బాత్రూముల వైపు వెళ్ళింది. ఆమె వచ్చేదాకా అతను పుష్పలత మంచం దగ్గర కూర్చున్నాడు.

“నన్ను కోస్తరా నాయినా?” అంది పుష్పలత. మూడు రోజులుగా ఆ పిల్ల అడగదలుచుకున్న మాట అదే.

“లేదు బిడ్డా. కోత లేదన్నరు. ఇంటికి పోదాం.”

“ఆపరేషన్ అక్కర్లేదన్నరా?”

“అవ్.”

పిల్ల మొహం విప్పారింది. పక్క మంచం మీది పిల్లకు ఆ కబురు చెప్పింది, నర్సుకు చెప్పింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా మాట్లాడుతూనే ఉంది. అంత మాట్లాడితే ఆయాసం వస్తుందని కళావతి ఆపబోతే వీరబాబు వద్దన్నట్టు చెయ్యి పట్టుకున్నాడు.

గుంపుకు చేరిన మర్నాడు వీరబాబు బడికి వెళ్ళాడు. వంటగదిలో సత్తుపల్లి వైపు నుంచి వచ్చిన కొత్త వంటవాడు ఉన్నాడు, వయసులో చిన్నవాడు, పప్పు మాడకుండా కలుపుతూ ఏం కావాలని అడిగాడు. వార్డెన్ సారు ఉన్నాడా అని అడిగి, లేడంటే, సరేనని వీరబాబు వెనక్కి తిరిగాడు.

ఇంటికొచ్చేసరికి ఇంటి ముందు మనుషులున్నారు. హైదరాబాదు డాక్టర్లు ఆపరేషనే అక్కర్లేదన్నారని పుష్పలత పొద్దున్నే అందరికీ చెప్పింది. గంగక్క వచ్చింది, దినాల నాడు విస్తళ్ళు కుట్టిన ఆడవాళ్ళంతా వచ్చారు. ఒకామె పిల్ల తల నిమిరి మెటికలు విరిచింది. ఇంకొకామె ముత్యాలమ్మకు కోడిని మొక్కుకున్నానని, ఆ మొక్కు ఈ ఆదివారమే తీర్చేస్తానని చెప్పింది. పుష్పలత మంచం మీద కూర్చుని, ఊదారంగు పెదవులతో నవ్వుతూ, పెద్ద దవాఖానాలో లిఫ్టు ఎట్లా పైకి పోతుందో చెబుతోంది.

వచ్చినవాళ్ళందరికీ కళావతి మంచినీళ్ళిచ్చింది. వీరబాబు గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. అక్కర్లేక కాదు, ఇక వీలు కాకనే చెయ్యలేదని చెప్పాలని ఇద్దరికీ ఉంది. ఆ రోజు ఇద్దరిలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.